ఇంటిపేరు ఒకటే, సంబంధం మాత్రం కలవదు: ఇసుక ఈగల వంశం లెక్క

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపుతో ఆస్పత్రుల పాలయ్యారు. 183 మంది చనిపోయారు. కారణం చాందీపురా వైరస్ అని తేలింది. 1965లో నాగ్‌పూర్ దగ్గర ఈ వైరస్ మొదట దొరికిన ఊరి పేరే దానికి పెట్టారు. తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన ఇసుక ఈగల్లోనూ, అంటే రక్తం తాగే ఒక చిన్న రకం ఈగల్లోనూ వైరస్ ఆనవాళ్లు కనిపించాయి. అయితే అవి మనిషిని కుట్టడంలో పేరుమోసిన ఫ్లెబోటోమస్ ఈగలు కావు, వాటికి దూరపు చుట్టాలైన సెర్జెంటోమియా ఈగలు. ఇవి ఎక్కువగా బల్లుల్లాంటి వాటి రక్తం తాగుతాయని, మనకు వీటితో పెద్ద పని లేదని అనుకుంటూ వచ్చారు.

ఇసుక ఈగను గుర్తుపట్టేవాళ్లు తక్కువ. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లే. ఒళ్లంతా నూగు. వాలినప్పుడు రెక్కలు ముడవకుండా పైకెత్తి ఉంచుతుంది. దోమలా చెవి దగ్గర రొద చేయదు, మామూలు దోమతెర కన్నాల్లోంచి తేలిగ్గా దూరిపోతుంది. పగలు మట్టిగోడ పగుళ్లలో, పశువుల కొట్టాల్లో నక్కుతుంది. జాతి తేల్చాలంటే గాజు పలక మీద పరిచి, గొంతులోని పళ్ల వరుసను, ఆడ ఈగ కడుపులో వీర్యం దాచుకునే సంచి ఆకారాన్ని మైక్రోస్కోప్‌లో చూడాలి. అంత చూసినా ఒక్కోసారి మోసపోతాం.

వదలని జ్వరం, ప్లీహం వాపు తెచ్చే కాలా అజార్‌నే తీసుకోండి. దాన్ని మోసే ఈగ ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్, అంటే వెండికాళ్లది. దాని కాటుతోనే జబ్బు మనిషికి సోకుతుందని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ నిరూపించారు. దశాబ్దాల పాటు అదంతా ఒకే జాతి అనుకున్నాం. మీసాల మీద ముళ్లలాంటి రోమాల పొడవును బట్టి అందులో మూడు జాతులు ఉన్నాయని చెప్పిన పరిశోధన 2010లో వచ్చింది. వెండికాళ్ల ఈగ దక్షిణాదిలోనూ ఉంది, కానీ కాలా అజార్ బెడద మాత్రం బీహార్ వైపే. ఈ తేడా అంతా వంశం వల్లేనని నేను అనను. జబ్బు క్రిమి లేని చోట ఏ ఈగైనా ఏం మోస్తుంది? కానీ మనిషిని కుట్టేది ఏ శాఖ, పశువును కుట్టేది ఏ శాఖ అన్నది తెలియకుండా ఊరికో ట్యాంకు మందు కొట్టడం మాత్రం చీకట్లో రాయి వేయడమే.

మనలో ఇంటిపేరు ఒకటైనా గోత్రాలు వేరైతే పెళ్లి చేసుకోవచ్చు. ఈ ఈగల తీరు తిరకాసు: పేరు ఒకటే, సంబంధం మాత్రం కలవదు. బ్రెజిల్‌లో కాలా అజార్‌ను మోసే ఇసుక ఈగ లుట్జోమియా లాంగిపాల్పిస్ సంగతి అదే. సోబ్రాల్ పట్టణంలో వీపున ఒక మచ్చ ఉన్న మగ ఈగలు, రెండు మచ్చలవి ఒకే చోట తిరుగుతాయి. కానీ ఆడ ఈగను పిలిచే వాసన వేరు, రెక్కలాడించి పాడే పాట వేరు. జన్యువులు చూస్తే వేర్వేరు వంశాలు. అక్కడ ఆ వాసనను కృత్రిమంగా తయారుచేసి, మందు కొట్టిన కోళ్ల గూళ్ల దగ్గర ఎరగా పెట్టే పద్ధతి ఉంది. ఒక వంశం వాసన పెడితే ఇంకో వంశం ఈగ అటు ఎందుకొస్తుంది?

మందుకు లొంగకపోవడం కూడా వంశం లెక్కే. బీహార్‌లో ఏళ్ల తరబడి డీడీటీ కొట్టారు, తర్వాత ఆల్ఫా సైపర్‌మెత్రిన్ అనే మరో పురుగుమందుకు మారారు. నిజానికి రెండూ దెబ్బతీసేది ఈగ నరాల్లోని ఒకే సోడియం ద్వారాన్ని. ఆ ద్వారాన్ని తయారుచేసే జన్యువులో మార్పు బీహార్ ఈగల్లో ఇప్పటికే కనిపించింది. ఆ మార్పు కలిసి పిల్లల్ని కనే శాఖల మధ్య పాకుతుంది, కలవని శాఖకు పాకదు. కాబట్టి ఎవరు ఎవరితో కలుస్తున్నారో తెలిస్తేనే రేపు ఏ మందు పనిచేస్తుందో చెప్పగలం.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ మన ఇసుక ఈగలకు డీఎన్‌ఏ బార్‌కోడ్లు, అంటే జాతిని గుర్తుపట్టే జన్యు ముద్రలు తయారుచేసే పని ఎప్పుడో మొదలుపెట్టింది. ఒక కాలు ముక్క చాలు. జిల్లా మలేరియా సిబ్బంది పట్టిన ఈగల్లో కొన్నింటిని ఆల్కహాల్ సీసాలో వేసి ల్యాబుకు పంపే ఏర్పాటు ఏటా ఉంటే చాలు. కరీంనగర్ ఈగల్ని మాత్రం పిల్లలు పోయాకే పట్టి చూశాం. 2024లో గుజరాత్‌లో చాందీపురా మళ్లీ విరుచుకుపడి, దేశంలో 64 కేసులు నిర్ధారణ అయినప్పుడు కూడా మొదట వచ్చింది అదే పాత ప్రశ్న: ఏ ఈగ?