నైస్!

(వంటగదిలో గ్రైండర్ తిరుగుతోంది. హాల్లో ఆయన ఫోన్ చూస్తున్నాడు. గ్రైండర్ ఠక్కున ఆగింది. మంచి శకునం కాదు.)

భార్య: ఏమండీ, పొద్దున నా చీర ఫొటోకి ‘నైస్’ అని పెట్టారు. అంటే?

భర్త: బాగుందని.

భార్య: మా తమ్ముడి స్కూటర్‌కీ నైసే. బాబాయిగారి మోకాలి ఎక్స్‌రేకీ నైసే!

భర్త: ఎక్స్‌రే స్పష్టంగా వచ్చింది కదే.

భార్య: మా పుట్టింట్లో నైస్ అనేది పిండికి వాడే మాట. దోసెలకి నైస్‌గా రుబ్బాలి, పెసరట్టుకి కాస్త బరకగా ఉండాలి. నా చీరేమన్నా దోసెల పిండా?

భర్త: మరి నిన్న మీ అక్కతో ‘ఆయన దగ్గర నైస్‌గా లాగాను’ అన్నావు?

భార్య: అది వేరు. మెత్తగా మాట్లాడి, మీకు తెలీకుండా... అయినా చాటుగా వింటున్నారా? సరే, డిక్షనరీ చూశాను. లాటిన్‌లో ‘నెస్కియస్’ అంటే ఏమీ తెలియనివాడు. అదే ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకొచ్చింది. అప్పుడు నైస్ అంటే తెలివితక్కువ!

భర్త: అదెప్పటి మాట! తర్వాత మారి ఉంటుంది.

భార్య: మారింది. ప్రతిదానికీ వంకలు పెట్టే చాదస్తం అన్నారు.

భర్త: ఇది మాత్రం ఎవరికో సరిగ్గా...

భార్య: ఆఁ?

భర్త: ఏం లేదు, చెప్పు.

భార్య: ఆ తర్వాత సూక్ష్మమైనది, సున్నితమైనది అన్నారు. ‘బాగుంది’ అనే అర్థం 18వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు.

భర్త: నేను వాడిందీ అదే!

భార్య: మీరు ఏ శతాబ్దంలో ఉన్నారో నాకెలా తెలుస్తుంది? చీర చూసి నాలుగు ముక్కలు చెప్పండి.

భర్త: ఆకుపచ్చ రంగు నీకు...

భార్య: నెమలికంఠం రంగు.

భర్త: అదే, నెమలికంఠం. పట్టు మెరుస్తోంది...

భార్య: గద్వాల చీరండీ. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ మాత్రమే పట్టు.

భర్త: నేనూ అంచు గురించే అన్నాను. ఇంతకీ ఎంతయింది?

భార్య: తొమ్మిదివేల ఐదొందలు. మీ కార్డే గీశాను.

భర్త: ...నైస్.

భార్య: ఇదే కాలం నాటి నైసు?

భర్త: 1300 నాటిది.

భార్య: ఎవర్నంటున్నారు?

భర్త: కార్డు సొంతదారుణ్ణి.

(గ్రైండర్ మళ్ళీ మొదలైంది.)