నలభై దాటితే బరువులెత్తొద్దని చెప్పే ఆ మెసేజ్ గురించి

మళ్ళీ వచ్చింది. నిన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఇవాళ స్కూల్ బ్యాచ్ గ్రూపులో, మధ్యలో మా బాబాయ్ విడిగా పంపాడు. "మీ మోకాళ్ళను కాపాడుకోండి, తప్పక చదవండి" అని పైన, దండం బొమ్మలు కింద. చూడనివాళ్ళకి క్లుప్తంగా చెప్తా: మోకాలి గుజ్జు పుట్టుకతో వచ్చినంతే, బండి టైరులా వాడేకొద్దీ అరిగిపోతుంది, అందుకని 40 దాటాక పరుగు, గెంతులు, మెట్లు మానెయ్యాలి. ఆడవాళ్ళు 5 కేజీలు మించి ఎత్తకూడదు, నెమ్మదిగా నడిస్తే చాలు. పాలు తాగితే ఎముకలు గట్టిపడతాయి. బెండకాయ నానబెట్టిన నీళ్ళు తాగితే గుజ్జు ఊరుతుంది. మెటికలు విరవకూడదు. కింద కూర్చోకూడదు. చివర్లో "ప్రముఖ ఎముకల డాక్టర్" అని ఉంటుంది, ఆయన పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

చిన్నవి ముందు తేల్చేస్తా. మెటికల సంగతి: డోనాల్డ్ అంగర్ అనే అమెరికన్ డాక్టర్ 50 ఏళ్ళపాటు ఎడమచేతి మెటికలు మాత్రమే విరుచుకుని, కుడిచెయ్యి వదిలేసి, రెండూ పోల్చి 1998లో రాశాడు, రెండు చేతుల్లోనూ కీళ్ళవాతం లేదు. బెండకాయ జిగురు పేగులు దాటి పోదు, మోకాలిదాకా వెళ్ళే దారే లేదు. అసలు గుజ్జు పుట్టుకతో వచ్చినంతే అని పైన రాసి, బెండకాయతో ఊరుతుందని కింద రాస్తే, ఫార్వర్డ్ కొట్టేవాళ్ళు ఒక్కరూ రెండు లైన్లు కలిపి చదవలేదా?

ఇక టైరు. టైరుకి ప్రాణం లేదు, గుజ్జుకి ఉంది. దానికి రక్తనాళాలు లేవు కాబట్టి తిండి అందేది చుట్టూ ఉన్న కీలు ద్రవంలోంచే, బరువు పడినప్పుడు గుజ్జు నొక్కుకుని ద్రవం బయటికి పోతుంది, బరువు తీస్తే మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది, అలా జరుగుతుంటేనే అది బాగుంటుంది. కాలికి కట్టు కట్టి నెలల తరబడి కదలకుండా ఉంచితే గుజ్జు పలచబడుతుంది. 2017లో పరుగు మీద అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే, సరదాకి పరుగెత్తేవాళ్ళలో మోకాలు, తుంటి అరుగుదల 3.5 శాతం మందికి, అస్సలు పరుగెత్తనివాళ్ళలో 10.2 శాతం మందికి కనపడింది. మోకాళ్ళు బాగున్నవాళ్ళే పరుగులోకి దిగుతారు కాబట్టి పరుగే కాపాడిందని నేను అనను. కానీ పరుగు అరగదీస్తుందన్న మాట నిలబడదు. పోటీల కోసం ఏళ్ళ తరబడి విపరీతంగా పరుగెత్తేవాళ్ళలో మాత్రం 13.3 శాతం, అది దాచను. మనలో ఆ స్థాయిలో పరుగెత్తేవాళ్ళెవరు? మోకాలి మీద నిజంగా బెంగ ఉంటే ఒంటి బరువు చూసుకోండి, ఒక కేజీ తగ్గితే వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కేజీల భారం తగ్గుతుంది.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది ఆ "ఆడవాళ్ళు 5 కేజీలు మించి ఎత్తకూడదు" దగ్గర. మా పిన్నికి యాభై దాటింది, డెక్సా స్కాన్‌లో ఎముక సాంద్రత తగ్గిందని వచ్చింది, ఆ తర్వాత ఈ మెసేజ్ చదివింది, అప్పట్నుంచి మెట్లెక్కడం మానేసి ఒక్క అంతస్తుకి కూడా లిఫ్ట్ కోసం నిలబడుతోంది, కూరగాయల సంచి కూడా పిల్లల చేత మోయిస్తోంది. ఎముక పలచబడుతున్న మనిషికి సరిగ్గా తలకిందుల సలహా ఇది! ఎముకలో కణాలుంటాయి, వాటి మధ్య సన్నటి కాలవలు, వాటిలో ద్రవం. ఎముక మీద గట్టిగా బరువు పడితే అది కంటికి కనపడనంత వంగుతుంది, ఆ ద్రవం కదులుతుంది, ఇక్కడ బలం కావాలని కణాలు కబురు పెడతాయి. బరువే పడకపోతే ఆ కబురే ఉండదు, ఉన్న ఎముక కూడా కరుగుతూ పోతుంది. స్పేస్ స్టేషన్‌లో ఉండే వ్యోమగాములకి తుంటి, వెన్ను లాంటి చోట్ల నెలకి 1 నుంచి 1.5 శాతం ఎముక పోతుంది, అందుకే వాళ్ళకి అక్కడ కూడా బరువుల మెషిన్ పెట్టారు. టెన్నిస్ ఆడేవాళ్ళ రాకెట్ చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది, మనిషి ఒక్కరే, తిండీ ఒక్కటే.

నడక గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, మానమని ఎవరూ చెప్పట్లేదు. కానీ ఎముకకి రోజూ పడే బరువే పడితే అది కొత్తగా ఏమీ కట్టుకోదు, అలవాటు లేనంత గట్టి బరువు కావాలి. ఈతా సైక్లింగూ ఎంత చేసినా ఎముకకి పెద్దగా ఒరగనిది కూడా అందుకే. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్ళు లిఫ్ట్‌మోర్ అని ఒక పరీక్ష చేశారు, నెలసరి ఆగిపోయి ఎముకలు పలచబడిన 101 మంది ఆడవాళ్ళు, అందరూ 58 దాటినవాళ్ళే. కొందరికి 8 నెలలు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ట్రైనర్ పక్కనుండగా డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని పట్టుకుని లేవడం), స్క్వాట్ (బరువుతో గుంజీళ్ళలా కూర్చుని లేవడం), తలపైకి బరువెత్తడం, గెంతి దిగడం చేయించారు, అదీ తేలిక బరువులతో కాదు, ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం పైన. వాళ్ళకి నడుము దగ్గర ఎముక 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసుకున్నవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. ఎవరి ఎముకా విరగలేదు, ఒకరికి నడుం పట్టేసిందంతే.

ఇది మనకి ఇంకా ఎందుకు ముఖ్యమో చెప్తా. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది, 15-49 ఏళ్ళ వాళ్ళలో నూటికి సుమారు ఎనిమిది, తొమ్మిది మంది. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ ఆగిపోయి, యాభైల్లో మొదలవ్వాల్సిన ఎముక నష్టం ముప్పైల్లోనే మొదలవుతుంది. అలాంటి ఆవిడకి "బరువెత్తకమ్మా, కూర్చో" అని ఫార్వర్డ్ పంపడం మేలు చెయ్యడమా? ఆవిడ రేపు బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుంటే ఈ మెసేజ్ రాసిన ప్రముఖ డాక్టర్ వస్తాడా? తుంటి విరిగిన పెద్దవాళ్ళలో ఎంతమంది ఏడాది తిరక్కుండానే పోతున్నారో ఏ ఎముకల వార్డులోనైనా అడగండి.

పైగా ఆడవాళ్ళు ఎత్తట్లేదా ఏంటి? 26 కేజీల బియ్యం బస్తా వంటింట్లోకి ఎవరు లాగుతున్నారు? నిండు గ్యాస్ సిలిండర్ 30 కేజీల దాకా ఉంటుంది, అది ఎవరు జరుపుతున్నారు? బరువు ఎలాగూ తప్పనప్పుడు ఎత్తే పద్ధతి నేర్పండి. నడుము వంచి చేతులతో లాగితే భారమంతా వెన్ను మీద పడుతుంది. అదే బస్తాని కాళ్ళ దగ్గరికి లాక్కుని, పిరుదులు వెనక్కి తోసి, వెన్ను వంగకుండా, పాదాలతో నేలని నొక్కి లేస్తే దాన్నే జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ అంటారు. మొదటిరోజే బస్తాతో కాదు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టి, తర్వాత చేతిలో నీళ్ళ క్యాన్ పట్టుకుని, అలా వారాలూ నెలలూ పెంచుకుంటూ పోవాలి. పిన్నికి ఇప్పుడు అదే చెప్తున్నా, ఇంకా లిఫ్ట్ దగ్గరే నిలబడుతోంది, చెప్తూనే ఉంటా.

పాలు తాగండి, మంచిదే, కాల్షియం కావాలి, ఎండా కావాలి. కానీ ఇటుకలు దించినంత మాత్రాన గోడ లేవదు.

మిగిలింది కింద కూర్చోవడం. దీంట్లో కొంత నిజముంది, ఒప్పుకుంటా. భోజనానికో పూజకో కాసేపు బాసింపట్టు వేసుకుంటే మోకాలు బాగున్నవాళ్ళకి ఏమీ కాదు. కానీ రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్ళకి, కలుపు తీసేవాళ్ళకి, నేల తుడిచేవాళ్ళకి, టైల్స్ వేసేవాళ్ళకి మోకాలి అరుగుదల ఎక్కువ. చైనాలో పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనంలోనూ వయసులో ఉన్నప్పుడు ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నవాళ్ళకి అది ఎక్కువగానే కనపడింది. వాళ్ళకి ఎత్తు పీట, పొడుగు కర్ర తుడుపుగుడ్డ, మధ్యమధ్యలో లేచి నిలబడే వీలు కావాలి, అది పని ఇచ్చేవాళ్ళు చూడాల్సిన సంగతి. మీ ఇంట్లో నేల తుడిచే మనిషి ఇవాళ ఎలా కూర్చుని తుడిచిందో చూశారా? అలాగే మోకాలు వాచి ఉన్నా, వెన్నుపూస ఇదివరకే విరిగి ఉన్నా, గెంతులూ ముందుకు వంగి బరువులెత్తడమూ సొంతంగా మొదలెట్టొద్దు, ముందు డెక్సా రిపోర్ట్ పట్టుకుని ఫిజియోథెరపిస్ట్‌ని కలవండి. కలిసినప్పుడు "ఎత్తొచ్చా" అని అడక్కండి, "ఎంతతో మొదలెట్టాలి, ఎలా పెంచాలి" అని అడగండి.