ఉప్పు, తుప్పు సంగతి కూడా రాయండి

బావిలోకి పంపే సోడా నీళ్లు భూమిలోని ముడిచమురును ఎలా కదిలిస్తాయో కంప్యూటర్‌లో అణువుల సిమ్యులేషన్‌తో చెప్పిన ఈ వ్యాసం మా కోనసీమ వాళ్లు తప్పక చదవాలండి, చమురు, గ్యాస్ బావులు మా పొలాల పక్కనే కదా. నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ నూనెలోకి దూరడం, నూనె ఉబ్బి పలచబడటం, రాతి సందుల్లో ఇరుక్కున్న బొట్టు కూడా కదలడం, అంతవరకు చాలా బాగా వివరించారు. కానీ ఉప్పు మాటే లేదు! భూమి లోపల చమురు పక్కన ఉండేది ఎక్కువగా ఉప్పునీరే, ఉప్పు పెరిగేకొద్దీ ఆ వాయువు నీటిలో తక్కువ కరుగుతుంది. పైగా సిమ్యులేషన్‌లో చూసేది నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు), బావిలో పని ఏళ్ల తరబడి. ఇంకోటి, ఆ సోడా నీటికి ఆమ్లగుణం ఉంటుంది, ఉక్కు పైపుల్ని లోపల్నుంచి తినేస్తుంది. 2014 జూన్‌లో మా కోనసీమలోని నగరం అనే గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఎంతమంది పోయారో మేం మర్చిపోలేదు. దయచేసి తుప్పు మీద విడిగా ఒక వ్యాసం రాయండి.