ఎంప్టీగారి పెత్తనంలో ఉమ్మడి కుటుంబం

ఉమ్మడి కుటుంబాలు అంతరించిపోయాయని వాపోయే పెద్దలకు ఒక శుభవార్త. బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో, తెర కుడివైపున అవుట్‌లైనర్ అనే ఇరుకు గడిలో, ఉమ్మడి కుటుంబం నిక్షేపంగా ఉంది. అక్కడ ప్రతి వస్తువుకూ తండ్రి ఒక్కరే, పిల్లలు ఎందరైనా ఉండవచ్చు. తండ్రి జరిగితే పిల్లలు జరుగుతారు, తండ్రి గిర్రున తిరిగితే వాళ్లూ తిరుగుతారు, తండ్రి సగానికి కుంచించుకుపోతే మారుమాట లేకుండా వాళ్లూ కుంచించుకుపోతారు. ఎవరైనా బుద్ధి గడ్డి తిని తాతను తీసుకువెళ్లి మనవడి కింద పెట్టబోతే ‘లూప్ ఇన్ పేరెంట్స్’ అంటూ సాఫ్ట్‌వేరే అడ్డుపడుతుంది. ఇంత పద్ధతిగా సాగుతున్న ఇళ్లలో చిచ్చు పెడుతున్నది, మౌస్ వదిలేసి బ్లెండర్‌కు రాతపూర్వకంగా పనులు పురమాయించే పైథాన్ స్క్రిప్టులు రాసే కుర్రకారేనని, వారి ఫిర్యాదులన్నీ పెద్దల మర్యాద తెలియక చేస్తున్నవేనని సోదాహరణంగా నిరూపించదలచుకున్నాను.

వారి మొదటి ఫిర్యాదు చక్రం గెంతడం గురించి. ఒక ఎడ్లబండిని తీసుకుందాం. దాని చక్రం ఎక్స్ అక్షం మీద 6 మీటర్ల దగ్గర ఉంది. బండి మొత్తాన్ని నడిపించడానికి పెట్టిన ఎంప్టీ అనే ఖాళీ వస్తువు 5 మీటర్ల దగ్గర ఉంది. కుర్రవాడు స్క్రిప్టులో ఒకే ఒక్క వరుస రాసి, చక్రానికి ఎంప్టీని తండ్రిగా ప్రకటిస్తాడు. చూస్తుండగానే చక్రం ఇరుసును వదిలేసి 11 మీటర్ల దగ్గర తేలుతుంది, కుర్రవాడు నెత్తి పట్టుకుంటాడు. ఇందులో వింత ఏముంది? నిన్నటిదాకా లోకం నడిబొడ్డు నుంచి కొలుచుకున్న 6 మీటర్లను ఆ బిడ్డ ఇప్పుడు తండ్రి గుమ్మం నుంచి కొలుచుకుంటోంది. అయిదూ ఆరూ పదకొండు. లెక్క సరిగ్గానే ఉంది, ఊహే తప్పింది.

అదే పనిని మౌస్‌తో రెండింటినీ ఎంచుకుని కంట్రోల్-పి నొక్కి చేసిన పాతకాపులకు చక్రం అంగుళం కూడా కదలదు. కారణం ఏమిటంటే, తండ్రిని చేసుకున్న క్షణంలో ఆయన ఎక్కడ నిలబడి ఉన్నాడో సాఫ్ట్‌వేర్ గుట్టుగా రాసిపెట్టుకుని, ఆ దూరాన్ని ప్రతిసారీ తీసివేస్తూ ఉంటుంది. ఈ గుట్టు పేరు మ్యాట్రిక్స్ పేరెంట్ ఇన్వర్స్. ఇది పక్కనున్న లొకేషన్ గళ్లలో ఎక్కడా కనబడదు. తండ్రి 5 నుంచి 8కి జరిగితే చక్రం 9కి వెళుతుంది, కానీ దాని లొకేషన్ గడిలో మాత్రం ఇంకా 6 అనే ఉంటుంది. అబద్ధమాడుతోందని కుర్రవాడు కోప్పడతాడు. ఇంటి గుట్టు ఊరందరికీ చెప్పుకోని పిల్లను మన సమాజం ఏనాడైనా అబద్ధాలకోరు అన్నదా? స్క్రిప్టులో ఇంకొక్క వరుస రాసి, లోకంలో తండ్రి ఎక్కడున్నాడో చెప్పే అంకెల పట్టికను, అంటే వరల్డ్ మ్యాట్రిక్స్‌ను, తిరగేసి పిల్ల చేతిలో పెడితే చక్రం ఉన్నచోటే ఉండిపోయేది. ఆ ఒక్క వరుస గురించి తెలియడానికి ముందు ప్రతివాడూ ఒక్కసారైనా చక్రాన్ని పోగొట్టుకోవాలన్నది ఈ ఇళ్లలో ఉపనయనం లాంటి సంస్కారం.

రెండో ఫిర్యాదు ఇంతకంటే అన్యాయమైనది. నీ పిల్లలెవరని అడిగితే తండ్రి నేరుగా చెప్పలేడట. నిజమే, ఆయన దగ్గర జాబితా ఉండదు. తండ్రి ఎవరన్నది ప్రతి బిడ్డకూ తెలుసు, పిల్లలెవరన్నది ఏ తండ్రికీ తెలియదు. అందువల్ల స్క్రిప్టులో చిల్డ్రన్ అని అడిగినప్పుడల్లా ఫైలులో ఉన్న వస్తువులన్నింటి దగ్గరకూ వెళ్లి, ‘అయ్యా, మీ తండ్రిగారెవరు?’ అని ఒక్కొక్కరినీ విచారించి, ఆ తర్వాతే జవాబు చెబుతారు. దీనికి పట్టే సమయం ఫైలులోని మొత్తం వస్తువుల సంఖ్యను బట్టి పెరుగుతుందని బ్లెండర్ వారి పత్రాల్లోనే దాపరికం లేకుండా రాసి ఉంది. పదివేల వస్తువులున్న ఊరు బొమ్మలో మన కుర్రవాడు తాత నుంచి మునిమనవడి దాకా ఒక్కొక్కరినీ పిల్లలెవరని అడుగుతూ దిగుతాడు. పదివేల మంది కోసం పదివేల ఇళ్ల తలుపు తట్టడమంటే పది కోట్ల విచారణలు. ఒక్కసారి అందరినీ అడిగి తండ్రుల వారీగా చిట్టా రాసుకుని ఉంటే పదివేల విచారణలతో పోయేది. కానీ అలా చేస్తే కంప్యూటర్ నెమ్మదిగా ఉందని, కొత్తది కొనాలని నిర్మాతకు చెప్పడానికి అవకాశం ఉండదు కదా.

తండ్రిని జరిపిన మరుసటి వరుసలోనే పిల్లను ‘లోకంలో ఎక్కడున్నావు?’ అని అడిగితే పాత చిరునామా చెబుతుందన్నది ఇంకొక గోల. అందరి స్థానాలనూ తిరిగి లెక్కగట్టేందుకు వ్యూ లేయర్‌ను అప్‌డేట్ చేయమని చెప్పనంతవరకు కబురు అందదు మరి. కబురు అందకుండానే లేచి పరుగెత్తే పిల్లలు ఎక్కడైనా ఉంటారా?

పేర్ల విషయంలో మాత్రం తెలుగువారికి ప్రత్యేకమైన బాధ ఒకటి ఉన్నదని ఒప్పుకోవాలి. బ్లెండర్ 5.0 రాకముందు వస్తువు పేరు 63 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. మన లిపిలో ఒక్కో అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. అంటే మనకు దక్కేది 21 గుర్తులు. ‘రామలింగేశ్వరస్వామిగుడిముఖద్వారం’ అని భక్తిగా పేరు పెడితే ‘రామలింగేశ్వరస్వామిగుడ’ దగ్గర తెగిపోతుంది. గుడి మీది గుడి కూడా దక్కదు, ద్వారం సంగతి సరేసరి. తర్వాత పూర్తి పేరుతో పిలిచిన స్క్రిప్టుకు అలాంటివారెవరూ ఇక్కడ లేరనే జవాబు వస్తుంది.

ఇక తండ్రి గతిస్తే పిల్లల పరిస్థితి ఏమిటన్నది అసలైన ధర్మసందేహం. ఆస్తి పంపకంలో మన దేశంలో మితాక్షర, దాయభాగ పద్ధతులు వేరువేరుగా నడిచినట్లే ఇక్కడా రెండు శాఖలున్నాయి. 1998లో వచ్చిన మాయా అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్ శాఖలో తండ్రిని తొలగిస్తే కింద ఉన్న సంతానమంతా ఆయనతోపాటే పోతుంది, తండ్రిని దాస్తే పిల్లలూ కనబడరు. ఇంత కఠినమైన నియమం ఏ స్మృతికర్తకూ తోచి ఉండదు. బ్లెండర్ శాఖలో తండ్రి పోయినా పిల్లలు బతికే ఉంటారు, తండ్రిని దాచినా వాళ్లు నలుగురిలో తిరుగుతూనే ఉంటారు. అయితే తండ్రితోపాటు ఆ గుట్టు కూడా చెల్లకుండా పోతుంది. 9 మీటర్ల దగ్గర హాయిగా ఉన్న మన చక్రం, ఎంప్టీ పోయిన క్షణంలోనే తన గడిలో రాసి ఉన్న 6 దగ్గరకు వెళ్లి పడుతుంది. దయగల శాఖ ఏదో పాఠకులే తేల్చుకోవాలి. నేను మాత్రం మాయా వైపే మొగ్గుతాను, ఎందుకంటే అక్కడ నష్టం వెంటనే కంటికి కనబడుతుంది.

ఎంప్టీ అని ఇంతసేపూ చెబుతున్నాను గానీ ఆయన్ను మర్యాదగా పరిచయం చేయనేలేదు. ఆయనకు రూపం లేదు, రంగు లేదు. రెండర్ చేసిన, అంటే చివరికి తయారై వచ్చిన, చిత్రంలో ఎంత వెతికినా కనబడడు. ఏ పనీ చేయకుండా నడిమధ్యలో నిలబడి ఉండడమే ఆయన పని, కానీ ఇంటిల్లిపాదీ ఆయన కిందనే ఉంటుంది. బండికి ఒకరు, కాడికి ఒకరు, ఇరుసుకు ఒకరు, ఇరుసు మీద అలిగిన చక్రాన్ని సముదాయించడానికి మరొకరు. చిక్కు వచ్చినప్పుడల్లా దాన్ని విప్పడానికి బదులు పైన ఇంకొక పెద్దను కూర్చోబెట్టడం బొమ్మలు కదలడానికి కీళ్లూ పగ్గాలూ అమర్చే రిగ్గింగ్ విభాగాల్లో అనుభవజ్ఞులు పాటించే విధానం. పేర్లు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు కనుక వారంతా ఎంప్టీ.001, ఎంప్టీ.002 అంటూ సంఖ్యలతోనే చలామణి అవుతుంటారు.

గడువు ముంచుకొచ్చిన రాత్రి మన కుర్రవాడికి శుభ్రత మీద మనసు పుడుతుంది. తెరమీద కనబడని వారికి ఇంట్లో చోటెందుకని తర్కించి, ఫైలులోని ఎంప్టీలందరినీ ఏరి తొలగించి, ఆపై ఫైలును దానంతట అదే సేవ్ చేసే స్క్రిప్టు రాస్తాడు. అది లక్షణంగా పనిచేస్తుంది, కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాదు. నడక యావత్తూ ఎంప్టీ మీదనే ఉండడంతో బండి ఉన్నచోటే చతికిలబడుతుంది. సొంత అస్థిపంజరం ఉన్న ఎడ్లు మాత్రం కాడిని వదిలించుకుని దర్జాగా ముందుకు నడిచిపోతాయి. ఇలాంటివారి కోసమే బ్లెండర్ ప్రతి సేవ్‌కు ముందున్న ప్రతిని పక్కన బ్లెండ్1 అనే పేరుతో దాచిపెడుతుంది. ఎంప్టీలందరూ అందులో క్షేమంగానే ఉన్నారు. కాకపోతే, ఎక్కడైనా ఒకరిద్దరు మిగిలిపోయారేమోనన్న అనుమానంతో కుర్రవాడు అదే స్క్రిప్టును అప్పటికే రెండోసారి కూడా నడిపాడు.