బ్యాగు ఆపుకోవడం అంత తేలికైన హక్కు కాదు

బిల్లు కట్టకపోతే లాడ్జి యజమాని సామాను ఆపుకోవచ్చని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. ఇంగ్లండ్‌లో ఆ హక్కు పాతదే. అక్కడి 1878 చట్టం ఆరు వారాలు దాటాక ప్రకటన ఇచ్చి వేలం వేసుకోనిచ్చింది. మన 1872 కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్‌లో మాత్రం, ఉన్న బాకీ మొత్తానికి వస్తువులు ఆపుకోగలవారిగా బ్యాంకర్లు, హైకోర్టు అటార్నీలు (న్యాయవాదులు) లాంటి ఐదు వర్గాల పేర్లే ఉన్నాయి. లాడ్జీల పేరు లేదు. మిగతావాళ్లకు స్పష్టమైన ఒప్పందం ఉండాలి.

నాన్నకు విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో ఆపరేషన్ అయినప్పుడు శ్రీకాకుళం నుంచి వచ్చి మహారాణిపేటలో ఒక లాడ్జిలో తొమ్మిది రోజులు ఉన్నాం. చివరికి 1,800 తక్కువ పడ్డాయి. కౌంటర్‌లో కుర్రాడు బ్యాగు లోపల పెట్టేశాడు. స్కాన్ రిపోర్టులు, నాన్న మందులు అందులోనే ఉన్నాయి. పదింటికి డాక్టరు గారు రౌండ్లకి వస్తారు. అమ్మ చేతులు జోడించినా ఇవ్వలేదు, మా బావ ఫోన్‌పే చేసేదాకా. ఆ గంట టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

అద్దె రావాల్సిందే, కాదనను. అడ్వాన్సు తీసుకోండి, ఏ రోజుది ఆ రోజు వసూలు చేయండి. మందులు, రిపోర్టులు మాత్రం పట్టుకోకండి. పాస్‌పోర్టయితే అసలే పట్టుకోకండి, 1967 చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దిగేవాళ్లూ రిజిస్టరులో సంతకం పెట్టేముందు షరతులు ఒకసారి చదవండి.