టేలర్ స్విఫ్ట్ పాటల్ని యూనివర్సల్ లాక్కుందా?

"టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌లను యూనివర్సల్ మ్యూజిక్ లాక్కుంది. ఆమె మళ్ళీ పాడి రికార్డు చేసేసరికి పాతవి చెల్లకుండా పోయాయి. చివరికి కోర్టులో గెలిచి హక్కులు వెనక్కి తెచ్చుకుంది." అమెరికన్ గాయని స్విఫ్ట్ గురించి చాలామంది షేర్ చేస్తున్న ఈ మూడు మాటలూ తప్పే. ఆర్టిస్టుల కోసం బాధపడేవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు లాక్కోవడం సంగతి. ఆ ఆరు ఆల్బమ్‌ల మాస్టర్స్, అంటే అసలు రికార్డింగుల హక్కులు, అమెరికాలోని నాష్‌విల్‌లో ఉన్న బిగ్ మెషీన్ అనే లేబుల్‌వి, అంటే రికార్డు కంపెనీవి. పెద్ద మ్యూజిక్ కంపెనీ అయిన యూనివర్సల్ ఆ లేబుల్ రికార్డులను మార్కెట్లోకి పంపిణీ చేసేది. సరుకు పంచినంత మాత్రాన సొంతదారు అయిపోరు కదా. 2019లో బిగ్ మెషీన్‌ను కొన్నది మ్యూజిక్ మేనేజర్ స్కూటర్ బ్రాన్‌కు చెందిన ఇథాకా హోల్డింగ్స్. మరుసటి ఏడాది ఆ మాస్టర్స్ షామ్‌రాక్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళాయి. ఈ అమ్మకాల్లో యూనివర్సల్ కొన్నదీ లేదు, అమ్మిందీ లేదు. పైగా 2018 నవంబర్‌లో ఆమె యూనివర్సల్‌తో కుదుర్చుకున్న కాంట్రాక్టు ప్రకారం అక్కడి నుంచి చేసే రికార్డింగులు ఆమె సొంతం. ఇంకో షరతు కూడా పెట్టింది: కంపెనీ తన దగ్గరున్న స్పాటిఫై షేర్లు అమ్మితే ఆ డబ్బులో ఆర్టిస్టులకు వాటా ఇవ్వాలి, దాన్ని వాళ్ళ పాత అడ్వాన్సుల కింద జమ కట్టుకోకూడదు. అడ్వాన్సు తీరేదాకా రాయల్టీ చేతికి రాని ఆర్టిస్టులకు ఇది చిన్న విషయం కాదు.

రెండోది, పాతవి చెల్లకుండా పోవడం. పోలేదు. ఒక పాటకు రెండు హక్కులుంటాయి: రాసినవాళ్ళది ఒకటి, రికార్డింగుది ఒకటి. ఒక యాడ్ కంపెనీ ఆ పాట వాడుకోవాలంటే ఇద్దరి దగ్గరా సంతకం తీసుకోవాలి. ఆమె పాటలు రాసింది ఆమే కాబట్టి పాత రికార్డింగుకు రచయితగా "వద్దు" అనగలదు, కొత్తదానికి "సరే" అనగలదు. అమెరికా చట్టంలో రికార్డింగు హక్కు ఆ టేపు మీదున్న శబ్దానికే వర్తిస్తుంది. అదే పాటను అదే గొంతుతో కొత్తగా పాడితే ఆ హక్కు అడ్డురాదు. ఆపేది పాత లేబుల్‌తో కాంట్రాక్టులో రాసుకున్న గడువే. ఆ గడువు తీరాక 2021 నుంచి 2023 మధ్య నాలుగు ఆల్బమ్‌లు మళ్ళీ చేసింది. వాటిని విడుదల చేసింది యూనివర్సల్‌కే చెందిన రిపబ్లిక్ రికార్డ్స్. పాతవాటి విలువ తగ్గి ఉండొచ్చు గానీ హక్కు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇక కోర్టు. తీర్పేమీ లేదు. ఆ మాస్టర్స్‌ను షామ్‌రాక్ నుంచి డబ్బు పెట్టి కొనుక్కున్నట్టు 2025 మే 30న ఆమే ప్రకటించింది.

యూనివర్సల్ మీద ఆర్టిస్టులు నిజంగా వేసిన కేసు వేరే ఉంది, దాని గురించి ఎవరూ షేర్ చేయరు. 1978 నుంచి ఆర్టిస్టులు కంపెనీలకు రాసిచ్చిన హక్కులను 35 ఏళ్ళ తర్వాత రద్దు చేసుకునే వీలు అమెరికా చట్టంలో ఉంది. కంపెనీ కోసం చేసిన కూలి పనికి మాత్రం అది వర్తించదు. తన ఆర్టిస్టుల పాత రికార్డింగులు అలాంటి పనేనని యూనివర్సల్ వాదించింది. దాని మీద కొందరు ఆర్టిస్టులు 2019లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. అందరి తరఫునా ఒకే కేసుగా నడపడానికి 2023 జనవరిలో జడ్జి ఒప్పుకోలేదు. కాబట్టి పాత పాట హక్కు వెనక్కి కావాలనుకున్న ప్రతి ఆర్టిస్టూ ఎవరి లాయర్‌ను వాళ్ళు పెట్టుకుని, కనీసం రెండేళ్ళ ముందే నోటీసు ఇచ్చి, ఒంటరిగా కొట్లాడాల్సి వస్తోంది.