విశాఖ తీరంలో నీటి పరీక్ష ఒక్కటే చాలదు

రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు వచ్చింది. ఆ ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో, పేగుల్లో ఉండే బ్యాక్టీరియాలైన ఈ.కోలై 250, ఎంటరోకాకై 100 మించకూడదు. మలం కలిసిన నీటిని పసిగట్టడానికి ఇది మంచి పరీక్షే. కానీ కలరా క్రిమి చేరిన విబ్రియో జాతి బ్యాక్టీరియా ఈ లెక్కలోకి రాదు. అది మురుగు లేకపోయినా వెచ్చని ఉప్పునీటిలో సహజంగానే బతుకుతుంది. పోటు దిగాక ఇసుక మీద మిగిలే చెత్త గీతలోని ప్లాస్టిక్ రవ్వను కూడా ఈ పరీక్షలో చూడరు.

5 మిల్లీమీటర్లకన్నా చిన్న ప్లాస్టిక్ ముక్క సముద్రంలో పడిన కొన్ని గంటల్లోనే దాని మీద బ్యాక్టీరియా జిగురుపొర కడుతుంది. నైలాన్ వల పోగును సూక్ష్మదర్శిని కింద పెడితే పగుళ్ల వెంట ఆ పొర మందంగా కనిపిస్తుంది. అట్లాంటిక్‌లో ఏరిన ముక్కలను పరీక్షించిన అమెరికా శాస్త్రవేత్తలు 2013లో ఈ జీవసమూహానికి ‘ప్లాస్టిస్ఫియర్’ అని పేరు పెట్టారు. ఒక ముక్క మీదైతే దాదాపు నాలుగో వంతు విబ్రియోలే. పొరలో కణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులు చేతులు మారడమూ తేలిక. గెడ్డల (ఊరి మురుగు, వాననీరు మోసే పెద్ద కాలువల) మురుగు నేరుగా సముద్రంలో కలిసే మన ఊరికి అసలు చింత ఇదే.

అలాగని ప్రతి ప్లాస్టిక్ ముక్కా రోగాల మూట అనడం తప్పు. పుల్ల మీదా, నాచు మీదా ఇలాంటి పొరే కడుతుంది. అందుకే అదే గీతలో దొరికే సరుగుడు పుల్లలను, అదే సైజులో, పక్కపక్కనే పరీక్షించాలి. ఈ పోలిక లేని ఫలితం భయపెట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. లెక్క కూడా బరువు మీద కాకుండా ఉపరితల వైశాల్యం మీద వేయాలి. థర్మోకోల్, పల్చని కవర్ ముక్కల్లాంటి ప్లాస్టిక్ తేలిక కాబట్టి గ్రాముల్లో చూస్తే దాని మీద బ్యాక్టీరియా ఎక్కువున్నట్టు అనిపిస్తుంది.

నమూనా తీయడంలోనే చాలా పొరపాట్లు జరుగుతాయి. ముక్కలను లెక్కపెట్టడానికి ఇసుకను గాఢమైన ఉప్పునీటిలో తేల్చి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో శుభ్రం చేస్తారు. అదే నమూనాలో బ్యాక్టీరియాను వెతికితే ఏమీ దొరకదు. పెరాక్సైడ్ వాటిని చంపేస్తుంది. కాబట్టి రెండు నమూనాలు విడిగా తీయాలి. బ్యాక్టీరియా కోసం తీసిన ముక్కలను శుభ్రమైన పట్టకారుతో ఏరి, క్రిమిరహితం చేసిన సముద్రపు నీటితో మూడుసార్లు కడగాలి. డిస్టిల్డ్ వాటర్ వాడితే ఉప్పుకు అలవాటుపడిన కణాలు పగిలిపోతాయి. నేరుగా ఐసు మీద పెడితే విబ్రియోలు చావకుండానే, ప్లేటు మీద పెరగని స్థితికి పోవచ్చు.

విబ్రియోలను పెంచడానికి వాడే టీసీబీఎస్ అనే ప్రత్యేక ఆహారపు ప్లేటు మీద 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచాక పసుపు, ఆకుపచ్చ కాలనీలు వస్తే విబ్రియోలు ఉండొచ్చని మాత్రమే అర్థం. ఆకుపచ్చ కాలనీ విబ్రియో పారాహీమోలిటికస్ అని తేలినా, అది రోగం తెచ్చే రకమా కాదా అన్నది రోగకారక రకాల్లో కనిపించే టీడీహెచ్, టీఆర్‌హెచ్ జన్యువుల కోసం పీసీఆర్ (జన్యువులను పట్టే పరీక్ష) చేస్తేనే తెలుస్తుంది.

మన ఊళ్లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్‌ఐఓ) ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఈ పనికి కొత్త సంస్థ అక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో ఒకచోట, ఫిషింగ్ హార్బర్ పక్కన ఒకచోట, మురుగు తక్కువగా చేరే యారాడలో ఒకచోట నెలకోసారి నమూనా తీసినా చాలు. తొలకరి వానకు ముందూ, గెడ్డలు పొంగిన మర్నాడూ తీసే రెండు నమూనాలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు.